అన్ని నొప్పులూ నీళ్ళ నొప్పులు కావు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక మా ఇంటికి ముప్పై ఏళ్ళకు పైగా వస్తోంది. ఏటా అక్టోబరు రాగానే రొమ్ము క్యాన్సర్ మీద ఒక పేజీ వేస్తారు. గడ్డ ఎలా ఉంటుంది, ఎలా తడిమి చూసుకోవాలి, మామోగ్రామ్ ఎప్పుడు తీయించుకోవాలి, అన్నీ బాగానే రాస్తారు, ఆ పేజీ నేను కత్తిరించి మా వీధిలో ఆడవాళ్ళకు ఇస్తుంటాను కూడా. కానీ ఇన్నేళ్ళలో ఆ జబ్బు ఎముకకు ఎందుకు పోతుంది, ఎలా పోతుంది, పోతే ముందుగా ఏం తెలుస్తుంది అన్న ముక్క ఒక్కసారి కూడా నా కంటపడలేదు. ఆపరేషన్ అయింది, కీమో అయింది, జుట్టు మళ్ళీ వచ్చింది, అక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాతి సంగతి తెలియక మా ఇంట్లో ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగే అవుతుంది. చోటు చాలకపోతే ఎక్కడైనా కత్తిరించండి గానీ ఎముక నొప్పి గురించి రాసింది మాత్రం దయచేసి ఉంచండి.

నాది కనిగిరి. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మా చెల్లెల్ని దగ్గర్లోనే ఒక పల్లెలో ఇచ్చాం. తనకు యాభై ఒకటో ఏట ఎడమ రొమ్ములో గడ్డ కనపడింది. ఆలస్యం చేయకుండానే చూపించాం, ఆపరేషన్ చేశారు, ఆరు కీమోలు ఇచ్చారు, ఆ పైన కరెంటు (రేడియేషన్) పెట్టారు, తర్వాత రోజుకో మాత్ర చొప్పున ఐదేళ్ళు మింగింది. ఐదేళ్ళు నిండాక కొండకు పోయి మొక్కు కూడా తీర్చుకుని వచ్చాం. ఇంకో రెండేళ్ళకు తుంటి దగ్గర నొప్పి మొదలైంది.

మా వైపు నొప్పి అంటే ఎవరూ తల తిప్పి చూడరు. తాగే నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరైడ్ జబ్బు మన దేశంలో మొదట బయటపడింది 1937లో, పాత నెల్లూరు జిల్లాలోనే. అప్పట్లో మా కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ ఆ జిల్లాలోవే, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో కదా. పళ్ళు గారపట్టిన పిల్లలు, నలభై ఏళ్ళకే నడుము వంగిపోయిన మనుషులు మాకు కొత్త కాదు. అందుకని ఇక్కడ మోకాలు పట్టేసినా, మెడ తిరక్కపోయినా, నడుము లాగినా అందరి నోటా ఒకటే మాట, నీళ్ళ నొప్పులు. మా చెల్లెలూ అదే అన్నది. "ఏం లేదులే అక్కా, ఈ నీళ్ళ నొప్పులే, ఊళ్ళో ఎవరికి లేవు?" అని. నేనూ సరేలే అనుకున్నాను. జువాలజీ చదువుకున్న నేను, ఎముక గురించి ఏటా పిల్లలకు పాఠం చెప్పిన నేను, అనుకున్నాను. ఈ సంగతి రాయడానికి నాకు కష్టంగానే ఉంది.

ఊళ్ళో ఆర్.ఎం.పి. నొప్పుల సూది వేసేవాడు, రెండు రోజులు తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఎవరో చెబితే నాటు కట్టు కట్టించారు. ఆ తర్వాత టౌనులో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి పోతే ఎక్స్‌రే తీసి, ఫ్లోరైడ్ ఎముకలేనమ్మా, క్యాల్షియం వాడు అన్నాడు. ఆయన ఇంతకు ముందు ఏమైనా ఆపరేషన్ అయిందా అని అడగలేదు, ఈమె చెప్పలేదు. తుంటి నొప్పికి పోయి రొమ్ము సంగతి మగ డాక్టరుతో ఎందుకు ఎత్తాలి అనుకుందట. రాత్రిళ్ళు పడుకుంటే నొప్పి ఎక్కువయ్యేది, పగలు పనిలో ఉంటే కొంచెం మరిచిపోయేది. ఆ ఒక్క మాట మాకెవరికైనా సరిగ్గా వినపడి ఉంటే బాగుండేది.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున గుమ్మంలో దింపిన 20 లీటర్ల నీళ్ళ క్యాన్ లోపలికి జరుపుదామని వంగింది. తొడ ఎముక పుటుక్కున విరిగింది. ఆ చప్పుడు పక్కింటి వాళ్ళకు కూడా వినపడిందట. నేను పోయేసరికి మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు, జారి పడ్డావా తల్లీ అని అడిగాను. "పడి విరగలేదక్కా, విరిగి పడ్డాను" అన్నది.

పెద్దాసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ జాకెట్ పక్కకు జరిపి మచ్చ చూసి, ఇదెప్పటిదమ్మా అని అడిగింది. ఆ ప్రశ్న ఎనిమిది నెలల ముందు పడాల్సింది. ముక్క తీసి పరీక్షకు పంపారు, ఎముకల స్కాన్ తీశారు. తుంటి, తొడ, నడుము పూసలు రెండు, ఒక పక్కటెముక. రొమ్ములో అన్నేళ్ళ కిందట ఉన్న జబ్బే.

"రొమ్ముకూ తుంటికీ ఏం సంబంధం వదినా?" అని మా మరిది అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇంకొకరు, ఆ రోజు కత్తి పెట్టించబట్టే పాకింది, గడ్డను కదిలించకుండా ఉంటే ఒకచోట పడి ఉండేది అన్నారు. మా చెల్లెలు అది విని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈ రెండు మాటలకూ సమాధానం చెప్పాలనే నేను ఇన్నాళ్ళూ కూర్చుని చదివాను. ఆ చదివింది మీ పాఠకులకు అర్థమయ్యేట్టు చెబుతాను.

ప్రోటియేజ్ అనే ఎంజైములు ఉన్నాయి. ప్రోటీన్లను ముక్కలు చేయడం వాటి పని. మా అమ్మ ముదురు పొట్టేలు మాంసం తెచ్చిన రోజు పెరట్లో పచ్చి బొప్పాయి కాయ కోసి, పాలు కారుతుండగానే నాలుగు ముక్కలు నూరి మాంసానికి పట్టించి అరగంట పక్కన పెట్టేది. ఒకసారి చుట్టాలు చెప్పిన వేళకు రాలేదు, మాంసం అట్లాగే మధ్యాహ్నం దాకా ఉండిపోయింది, పొయ్యి మీద పెట్టాక ముక్క గరిటెకు రాలేదు, పిండి పిండి అయిపోయింది. ఆ బొప్పాయి పాలల్లో ఉండేది పపైన్ అనే ప్రోటియేజ్. దాని పేరు గుర్తుంచుకోండి, దాని కుటుంబంలోదే ఒకటి మన ఎముకల్లో ఉంది, మళ్ళీ వస్తాను. (ఇది చదివి బొప్పాయి తినడం మానేయకండి, బొప్పాయి ఆకు రసం తాగితే క్యాన్సర్ పోతుందని ఎవరైనా చెబితే నమ్మనూ వద్దు. దానివల్ల ఈ జబ్బు రాదు, పోదు.)

మన ఒంట్లో ఇలాంటి కత్తెరలు ఐదు వందల పైచిలుకు రకాలున్నాయి. అవి లేకపోతే తిన్నది అరగదు, గాయం మానదు, నెత్తురు గడ్డకట్టదు. బిడ్డకు పాలు మాన్పించాక రొమ్ము మళ్ళీ మామూలుగా అవడానికి కూడా అవే పని చేయాలి. కాబట్టి అవి చెడ్డవి కావు. ఎప్పుడు పడితే అప్పుడు తెగనరక్కుండా ఒంట్లో ఏర్పాటు ఉంది. చాలా వాటిని కణం తయారు చేసేటప్పుడే ఒరలో పెట్టి బయటికి పంపుతుంది, అవసరమైన చోట ఒర ఊడాలి. ఊడిన తర్వాత కూడా పట్టి ఆపే ప్రోటీన్లు వేరే ఉంటాయి.

ఇంటర్ పిల్లలకు కప్ప జీవితచరిత్ర చెప్పేటప్పుడు ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, మేడమ్, తోకకప్పకు తోక ఉంటుంది కదా, కప్పయ్యాక అది ఎక్కడికి పోయింది, ఊడిపడిందా అని. ఊడిపడదు, కరిగిపోతుంది. వర్షాకాలం మడి గట్ల పక్కన గుంటల్లో చూస్తే రోజురోజుకూ పొట్టిదవుతున్న తోక కనపడుతుంది. ఎలా కరుగుతుందని 1962లో అమెరికాలో జెరోమ్ గ్రాస్, చార్ల్స్ లాపియేర్ అనే ఇద్దరు చూశారు. తోక చర్మం ముక్కను కొల్లాజెన్ (చర్మానికీ ఎముకకూ పట్టునిచ్చే ప్రోటీన్) జెల్లీ మీద పెట్టారు, ముక్క చుట్టూ జెల్లీ కరిగి గుంట పడింది. కొల్లాజెన్‌ను కోసే ఎంజైమ్ అలా దొరికింది. ఆ కుటుంబాన్నే ఇప్పుడు మ్యాట్రిక్స్ మెటాలో ప్రోటియేజులు, పొట్టిగా ఎం.ఎం.పి.లు అంటున్నారు. మనుషుల్లో 23 ఉన్నాయి. ప్రతి దాని నడుమ ఒక జింక్ పరమాణువు ఉంటుంది, కోసే పదును అక్కడే. నేను ముప్పై ఏళ్ళు చెప్పిన తోక కథే ఇదని ఇప్పుడు తెలిసింది. పిల్లలకు ఈ ముక్క కూడా చెప్పి ఉండాల్సింది.

రొమ్ములో పాల నాళాల చుట్టూ ఒక సన్నని పొర ఉంటుంది, పునాది పొర అనుకోండి. నాళం లోపల పుట్టిన క్యాన్సర్ కణాలు ఆ పొర దాటనంత కాలం ఇంట్లో దొంగల్లాంటివి, తలుపు వేసే ఉంది, పట్టుకోవడం తేలిక. అప్పుడు దొరికితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. ఆ పొర ఎక్కువగా నాలుగో రకం కొల్లాజెన్‌తో అల్లినది. దాన్ని కోసేవి ముఖ్యంగా ఎం.ఎం.పి. 2, ఎం.ఎం.పి. 9. పొర తెగింది అంటే కణం బయటి కండలోకి, అక్కడి నుంచి నెత్తురు నాళం గోడలోకి, లోపలికి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఇంకోటి ఉంది. ఆ కత్తెరలన్నీ క్యాన్సర్ కణమే చేసుకోదు. 1990లో ఫ్రాన్స్‌లో పియర్ షాంబాన్ బృందం రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో ఒక కొత్త ఎం.ఎం.పి.ని కనిపెట్టింది, చూస్తే దాన్ని తయారు చేస్తున్నది క్యాన్సర్ కణాలు కావు, వాటి చుట్టూ ఉన్న మామూలు కణాలు. గాయం మానేటప్పుడు చేసే పనినే ఆ పక్కవాళ్ళు చేస్తున్నారు, గాయం లేకుండానే, ఆగకుండా. దొంగకు ఊళ్ళో వాళ్ళే గునపం అందిస్తున్నట్టు.

ఇక నెత్తురులో పడ్డ కణం ఎక్కడికైనా పోవచ్చు కదా, ఎముకే ఎందుకు? లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే సర్జన్ 1889లోనే ఈ ప్రశ్న వేసుకున్నాడు. రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది శవపరీక్షల వివరాలు ముందు పెట్టుకుని చూశాడు. జబ్బు అన్ని అవయవాలకూ సమానంగా పోలేదు. విత్తనాలు గాలికి నలుదిక్కులా పోతాయి, తగిన నేల మీద పడ్డవే మొలుస్తాయి అని ఆయన రాసింది ఇప్పటికీ నిలబడే ఉంది. మా వాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పొగాకు నారు ఒకటే, ఈ చేలో ఆకు ఒకలా వస్తుంది, గట్టు అవతల ఇంకోలా వస్తుంది. రొమ్ము క్యాన్సర్ ముదిరి ఇతర చోట్లకు పాకిన వాళ్ళలో సుమారు 70 శాతం మందికి ఎముకల్లో కనపడుతుంది. వెన్నుపూసలు, పక్కటెముకలు, తుంటి, తొడ పైభాగం ఎక్కువగా.

ఎముక మంచి నేల ఎందుకయిందో అర్థం కావాలంటే ఎముక రాయి కాదని ముందు ఒప్పుకోవాలి. నేను క్లాసులో ఒక ప్రయోగం చేసేదాన్ని. కోడికాలి ఎముక శుభ్రంగా కడిగి సీసాలో వెనిగర్ పోసి అందులో వేసి పెట్టేదాన్ని, రోజు మార్చి రోజు వెనిగర్ మార్చేదాన్ని. వారం పది రోజులకు తీస్తే ఎముక ఆకారం అలాగే ఉంటుంది, కానీ రబ్బరులా వంగుతుంది. పిల్లలు దాన్ని ముడి వేయడానికి పోటీ పడేవాళ్ళు. యాసిడ్‌కు కరిగిపోయింది క్యాల్షియం ఖనిజం, చేతిలో మిగిలింది కొల్లాజెన్. స్లాబులో కాంక్రీటు రాలిపోయి చువ్వలు మిగిలినట్టు. అంటే ఎముకను పూర్తిగా తీసేయాలంటే యాసిడ్ ఒక్కటే చాలదు, కత్తెర కూడా కావాలి.

ఆ రెండూ ఉన్న కణాలు మన ఎముకల్లోనే ఉన్నాయి, ఆస్టియోక్లాస్టులు అంటారు. పాత ఎముకను తవ్వి తీసేవి అవి, వెనకాలే కొత్తది పోసేవి ఆస్టియోబ్లాస్టులు. పెద్దవాళ్ళలో కూడా ఏడాదికి సుమారు పదో వంతు ఎముక ఇలా మారుతూనే ఉంటుంది. ఆస్టియోక్లాస్ట్ ఎముకకు జలగలా అతుక్కుని, అంచులు గట్టిగా మూసుకుని, ఆ మధ్యలోకి యాసిడ్ వదులుతుంది. ఖనిజం కరిగాక కెథెప్సిన్ కె అనే ప్రోటియేజ్‌ను వదిలి కొల్లాజెన్‌ను కోస్తుంది. ఇందాక గుర్తుంచుకోమన్నది దీని కోసమే. కెథెప్సిన్ కె మా అమ్మ మాంసానికి పట్టించిన పపైన్ కుటుంబానిదే.

క్యాన్సర్ కణం ఎముకకు చేరాక తనే గట్టి ఎముకను తవ్వుకోదు, తవ్వలేదు కూడా. పి.టి.హెచ్.ఆర్.పి. అనే ఒక ప్రోటీన్‌ను వదులుతుంది. దాని దెబ్బకు పోత పోసే ఆస్టియోబ్లాస్టులు రాంక్‌ఎల్ అనే సంకేతం ఎక్కువగా ఇస్తాయి, ఆ సంకేతంతో తవ్వే ఆస్టియోక్లాస్టులు పెరుగుతాయి, విపరీతంగా తవ్వుతాయి. ఎముక లోపల టి.జి.ఎఫ్. బీటా లాంటి పెరుగుదల పదార్థాలు ధాన్యం పాతరలో పోసినట్టు నిల్వ ఉంటాయి, తవ్వగానే బయటపడతాయి. వాటిని ఒర నుంచి విడిపించడంలోనూ ప్రోటియేజుల చెయ్యి ఉంది. అవి తిని క్యాన్సర్ కణం ఇంకా పెరుగుతుంది, ఇంకా పి.టి.హెచ్.ఆర్.పి. వదులుతుంది, ఇంకా తవ్వకం. 2003లో న్యూయార్కులో జోన్ మసాగే ప్రయోగశాల వాళ్ళు ఎలుకల్లో ఎముకకు బాగా పాకే రొమ్ము క్యాన్సర్ కణాలను వేరు చేసి, వాటిలో ఏ జన్యువులు ఎక్కువ పని చేస్తున్నాయో చూస్తే, ఆ కొద్దిపాటి జాబితాలో ఎం.ఎం.పి. 1 కూడా ఉంది. అది తవ్వే కణాలకు ఉన్న కళ్ళెం వదులయ్యేట్టు చేస్తుందని తర్వాత తేలింది. మా చెల్లెలి తొడ ఎముక నీళ్ళ క్యాన్ బరువుకు విరగలేదు. లోపల నెలల తరబడి ఈ తవ్వకం జరిగి డొల్లయిపోయింది.

మా మరిది అడిగిన దానికి జవాబు ఇదే. ఎముకకు పోయింది కాబట్టి ఇది ఎముక క్యాన్సర్ కాదు, రొమ్ము క్యాన్సరే ఎముకలో కాపురం పెట్టింది, మందులు కూడా రొమ్ము క్యాన్సర్‌వే వాడతారు.

కత్తి పెట్టించబట్టే పాకిందన్న మాటకు కూడా జవాబుంది. ఇది నేను గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఈ మాట వల్ల సూది పరీక్షకు కూడా ఒప్పుకోక ఇంట్లో కూర్చుని మందు పూసుకున్న ఆడవాళ్ళు నాకు తెలుసు. కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడ్డ 4,703 మంది ఎముక మజ్జ పరీక్షల వివరాలు కలిపి 2005లో ప్రచురించారు. జబ్బు బయటపడిన ఆ తొలి రోజుల్లోనే సుమారు 30 శాతం మంది మజ్జలో ఆ కణాలు ఉన్నాయి. అందరికీ అవి మొలవవు, చాలా వరకు నిద్రలోనే ఉండి చచ్చిపోతాయి. కానీ అక్కడికి చేరడానికి వాటికి డాక్టరు కత్తి అక్కర్లేదని అర్థమవుతుంది కదా. కత్తెరలు వాటి దగ్గరే ఉన్నాయి. కొన్ని ఏళ్ళ తరబడి నిద్రపోయి, ఐదేళ్ళకో పదేళ్ళకో, ఇరవై ఏళ్ళకు కూడా లేస్తాయి. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ ఉన్న రకంలో ఇలా ఆలస్యంగా, అదీ ఎముకలో లేవడం ఎక్కువ. మా చెల్లెలిది ఆ రకమే. ఐదేళ్ళు నిండగానే గండం గడిచిందని మొక్కు తీర్చుకోవడంలో తప్పులేదు గానీ, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పోవడం మానేశాం చూడండి, అది తప్పు.

మరి కత్తెరలే కారణమైతే కత్తెరలు ఆపే మందు ఇస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు, నేనూ అదే అనుకున్నాను. 1990ల్లో చాలా ఆశగా చూశారు. బాటిమాస్టాట్, మారిమాస్టాట్ అనే మందులు వచ్చాయి, ఎం.ఎం.పి.లన్నిటినీ కలిపి ఆపేవి. మనుషుల్లో పని చేయలేదు, పైగా కీళ్ళు పట్టేసి భుజాలు ఎత్తలేకపోయారు. జబ్బు బాగా పాకిన తర్వాత ఇచ్చారు, అప్పటికే కోయాల్సిన గోడలన్నీ కోసేసి ఉన్నాయి. ఇంకోటి, ఆ 23లో మేలు చేసేవీ ఉన్నాయి, క్యాన్సర్‌ను అడ్డుకునేవి కూడా ఉన్నాయని తర్వాత ఎలుకల్లో తేలింది, మంచీ చెడ్డా అన్నిటినీ ఒకే తాడుతో కట్టేశారు. కెథెప్సిన్ కెను ఆపే ఓడనకాటిబ్ అనే మందు ఎముకల గుల్లదనానికి చాలా దూరం వచ్చి, పక్షవాతం ముప్పు పెరుగుతోందని 2016లో ఆగిపోయింది.

పనికొచ్చింది ఏమిటంటే కత్తెరను కాకుండా కత్తెర పట్టుకున్న చేతిని ఆపడం. జోలెడ్రోనిక్ యాసిడ్ అని ఒక మందు, సెలైన్‌లో పదిహేను నిమిషాలు ఎక్కిస్తారు, అది ఎముక ఖనిజానికి అంటుకుని ఉంటుంది, తవ్వడానికి వచ్చిన ఆస్టియోక్లాస్ట్ దాన్ని మింగి చస్తుంది. డెనోసుమాబ్ అనే సూది రాంక్‌ఎల్ సంకేతాన్నే పట్టేసుకుంటుంది, 2010 నుంచి దీనికి వాడుతున్నారు. ఇవి జబ్బును తీసేయవు. ఎముక విరగడం, నొప్పి తగ్గిస్తాయి, అసలు వైద్యం పక్కన జరుగుతూ ఉండాలి. ఇంకో మంచి కబురు, 18 వేల మందికి పైగా ఆడవాళ్ళున్న 26 పరిశోధనలను కలిపి 2015లో చూస్తే, ముట్లుడిగిన వాళ్ళకు ఆపరేషన్ తర్వాత తొలి ఏళ్ళలోనే ఈ జోలెడ్రోనిక్ కుటుంబం మందులిస్తే ఎముకలో జబ్బు తిరగబెట్టడం తగ్గింది. దీని గురించి మీ డాక్టరును అడగండి. అడిగితే ఎవరూ కొట్టరు.

ఈ మందులు మొదలు పెట్టేముందు పంటి డాక్టరుకు చూపించుకోవాలి. పీకాల్సిన పళ్ళుంటే ముందే పీకించుకోవాలి, మందు పడ్డాక పీకిస్తే దవడ ఎముక మానకుండా పుండు పడే ప్రమాదం ఉంది. మా వైపు గారపళ్ళు, పుచ్చిపళ్ళు ఎక్కువ కాబట్టి ఇది మాకు ఇంకా ముఖ్యం. మూత్రపిండాల పరీక్ష కూడా చేస్తారు, చేయించండి.

ఇక ఎముక నొప్పి. ఒకసారి రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గిన ఆడమనిషికి, ఎన్నేళ్ళయినా సరే, ఒకే చోట నొప్పి వచ్చి వారాల తరబడి పోకుండా, రాత్రి పడుకున్నా తగ్గకుండా ఉంటే అది నీళ్ళ నొప్పి అని ఎవరూ తేల్చేయకూడదు. ఫ్లోరైడ్ నొప్పి ఏళ్ళ తరబడి మెల్లగా బిగుసుకుంటూ వస్తుంది, ఒళ్ళంతా పట్టేస్తుంది, ఎక్స్‌రేలో ఎముక మామూలు కంటే తెల్లగా, దట్టంగా కనపడుతుంది. రొమ్ము జబ్బు ఎముకలో ఎక్కువగా చిల్లులు చేస్తుంది. కానీ ఎక్స్‌రేలో ఏం లేదన్నారని కూడా నిశ్చింతగా ఉండొద్దు, ఎముక ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా పోతేగాని మామూలు ఎక్స్‌రేలో చిల్లు కనపడదు. ఎముకల స్కానో, ఎం.ఆర్.ఐ.నో కావాలి. మా దగ్గర జరిగిన మోసమంతా ఇక్కడే ఉంది, ఫ్లోరైడ్ నిజంగానే ఉంది, దాని వెనకాల ఇంకోటి దాక్కుంది. నడుము నొప్పితో పాటు కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, ఒంటికి రెంటికి ఆపుకోలేకపోతున్నా, లేదా పట్టేసి రాకపోయినా, మర్నాడు పోదాంలే అనుకోకండి, ఆ రాత్రే పోవాలి, వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందని అర్థం, ఆలస్యమైతే కాళ్ళు మళ్ళీ రావు. విపరీతంగా దాహం, మలబద్ధకం, మత్తు, మతిమరుపు ఒక్కసారిగా వస్తే ఎముకలోంచి క్యాల్షియం నెత్తురులోకి దిగుతోందేమో చూడాలి, చిన్న రక్త పరీక్షతో తెలుస్తుంది.

కరెంటు పెట్టడం అంటే మళ్ళీ నెలల తరబడి తిరగాలని భయపడేవాళ్ళున్నారు. ఎముక నొప్పికి చాలాసార్లు ఒక్క రోజు పెడితే చాలు. మా చెల్లెలికి తొడలో రాడ్ వేశాక నడుముకు ఒక్కసారే పెట్టారు, మూడో వారానికి వెల్లకిలా పడుకుని నిద్రపోయింది.

సంపాదకులు గారూ, మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే సుమారు 1,92,000 మంది ఆడవాళ్ళకు కొత్తగా ఈ జబ్బు వచ్చిందని అంచనా వేశారు. వాళ్ళలో ఎక్కువమంది బతికి ఇంటికి వస్తారు, రావాలి కూడా. ఇంటికి వచ్చేటప్పుడు చేతిలో పెట్టే కాగితం మీద అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. దాని కింద తెలుగులో రెండు ముక్కలు రాయమని ఆసుపత్రుల వాళ్ళను అడగండి. తగ్గని నొప్పి వస్తే ఎన్నేళ్ళకైనా మా దగ్గరికి రండి, ఏ డాక్టరు దగ్గరికి పోయినా ఈ కాగితం చూపించండి, అని. కనిగిరి, పామూరు, పొదిలి వైపు ఎముకల డాక్టర్లకు, ఆర్.ఎం.పి.లకు నాది ఒకటే మనవి. నలభై దాటిన ఆడమనిషి నొప్పి అంటూ వస్తే ఫ్లోరైడ్ అనే ముందు, ఇంతకు ముందు రొమ్ముకు ఆపరేషన్ అయిందా తల్లీ అని అడగండి. ఆమె తనంతట తాను చెప్పదు. ఊళ్ళలో తిరిగే ఏ.ఎన్.ఎం.లకు, ఆశా కార్యకర్తలకు ఈ విషయం చెప్పడం ఇంకా తేలిక, ఎవరింట్లో ఎవరికి ఆపరేషన్ అయిందో వాళ్ళకు ముందే తెలుసు. మీరు వచ్చే అక్టోబరు పేజీలో ఎముక గురించి సగం పేజీ వేయండి. కావాలంటే డాక్టర్ల చేత రాయించండి, నేను రాసిందాంట్లో ఏదైనా తప్పుంటే వాళ్ళే దిద్దుతారు.

మా చెల్లెలు ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. మూడు నెలలకోసారి సూదికి తీసుకుపోతున్నాను, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెడితే చాలు, దారంతా కబుర్లే. ఈ ఉత్తరం నిన్న రాత్రి చదివి వినిపించాను. అంతా విని, ఊరి పేరు మాత్రం రాయొద్దక్కా, నొప్పి సంగతి ఒక్క ముక్క కూడా వదలొద్దు అన్నది. అందుకే ఊరి పేరు రాయలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
కనిగిరి.